ఖాస్ డ్రైవర్

మా అన్నకు సౌదీ వీసా కాగితం వచ్చినప్పుడు దాన్ని అందరికంటే ముందు చూసింది నేను. దాని అర్థం తప్పుగా చెప్పి ఊరంతా చాటింది కూడా నేనే.

కోదాడ బస్టాండుకు దగ్గర్లో నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్సులు, పాస్‌పోర్టు స్లాట్లు, లైసెన్సు స్లాట్లు, పిల్లల పరీక్ష ఫీజులు. కాగితంతో పనిపడ్డ ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు నా ఎదుటి స్టూలు మీద కూర్చోవలసిందే. పుట్టింది గరిడేపల్లి పక్క పల్లెలో, మెట్టింది కోదాడలో. అత్తగారింట్లో "తిన్నావా" అంటారు, పుట్టింట్లో "తిన్నవా" అంటారు. షాపులో గిరాకీని బట్టి రెండు రకాలుగానూ మాట్లాడతాను. కోపం వస్తే మాత్రం పుట్టింటి మాటే వస్తుంది. అది రోజుకు పదిసార్లు వస్తుందని మా ఆయన అంటాడు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఫారం నింపితే తప్పు పోదని నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా మోజు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకాన్ని.

మా అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. పది తప్పి క్లీనర్‌గా లారీ ఎక్కాడు, తర్వాత స్టీరింగ్ పట్టాడు. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం లోడు వేసుకుని చెన్నై, విశాఖపట్నం, ఒక్కోసారి కేరళ దాకా పోతాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. కోదాడ బైపాస్ మీద బండి నెమ్మది చేసి ఫోన్ చేస్తాడు. "చెల్లె, పోతున్న" అంటాడు, పెట్టేస్తాడు. మా ఇద్దరి మధ్య మాటలు చాలా ఏళ్ళు అంతవరకే నడిచాయి.

కోదాడ దాటి కాసేపు పోతే ఆంధ్రా బార్డర్. మా అన్నకు బార్డర్ అంటే అదే. బోర్డుల మీద ప్రభుత్వం పేరు మారుతుంది, డీజిల్ రేటు మారుతుంది, చాయ్ కాస్తా టీ అవుతుంది. అక్కడ ఎవరైనా అడిగితే బండి కాగితాలు అడుగుతారు. నువ్వు ఏ రకం డ్రైవరువని ఏ రాష్ట్రంలోనూ ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

సూర్యాపేటలో ఒక ఏజెంటు మా అన్నకు సౌదీ ఆశ పెట్టాడు. ట్రైలర్ బండి, మూడు దేశాల లైను. సౌదీలో లోడు ఎత్తి దుబాయ్, ఒమాన్ దాకా దించి రావడం. రోడ్లు అద్దాల్లా ఉంటాయని, గుంతలో పడి బండి స్ప్రింగు పట్టీ విరగడమనేదే ఉండదని చెప్పాడు. ఆరేళ్ళు తోలితే వచ్చి సొంత లారీ కొనుక్కోవచ్చని అన్న లెక్క. పెద్ద బండి మీద ఆయనకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. హైవే మీద పొడుగాటి ట్రైలర్ పోతుంటే తినే చెయ్యి ఆపి చూస్తాడు.

వీసా కాగితం ఫోటో ఫోన్‌లో వచ్చింది. అన్న నాకు పంపాడు. మొత్తం అరబ్బీ, అదీ మసక మసకగా ఉంది. ప్రింటు తీసి పక్క షాపు దర్జీ చాచా దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన రోజూ ఉర్దూ పేపరు చదువుతాడు. అద్దాలు పెట్టుకుని వేలు పెట్టి కూడబలుక్కున్నాడు.

"సాయిక్... ఖాస్. సాయిక్ అంటే డ్రైవరే అయ్యుంటది. ఖాస్ అంటే మనకు తెలిసిందే కద బిడ్డా. గని నాకు అరబ్బీ రాదు, అక్షరాలే వస్తయ్. జర ఎవరన్న తెలిసినోళ్ళకు చూపించు."

ఆయన చెప్పిన చివరి మాట నాకు వినబడింది. వినబడలేదని అబద్ధం చెప్పను. కానీ నాకు ఖాస్ అనే మాట ముందే తలకెక్కింది. మా ఇళ్ళల్లో ఖాస్ అంటే ఎంత గొప్ప మాట! ఖాస్ చుట్టాలు వస్తే యాటను కోస్తాం. ఖాస్ మనిషితో చెప్పి పంపితే పని అవుతుంది. నాకు అరబ్బీతో పనేముంది? వెంటనే అన్నకు ఫోన్ కొట్టాను.

"అన్నా, నిన్ను మామూలు డ్రైవర్‌గ తీసుకోలే. ఖాస్ డ్రైవర్ అని రాసిన్రు."

ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నవ్వాడు. "ఇరవై ఏండ్లల్ల ఒక్క ఓనర్ నోట ఆ మాట రాలే చెల్లె. ఆళ్ళకెట్ల తెలిసిందో" అన్నాడు.

ఆ కాగితం జిరాక్స్ తీసి నా టేబుల్ అద్దం కింద పెట్టాను. వచ్చిన ప్రతి డ్రైవరుకూ చూపించాను. వాళ్ళు తల వంచి చూసి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "మీ అన్న అదృష్టవంతుడక్కా" అనేవాళ్ళు. నేను కాదనలేదు. ఇటు అన్న మెడికల్ టెస్టుకు పోయి వచ్చాడు, పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఇచ్చాడు, లారీ ఓనరుకు మానేస్తున్నట్టు చెప్పాడు. విమానానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

అప్పుడు వచ్చాడు మిర్యాలగూడ పెద్దాయన. కోదాడలో కూతురింటికి వచ్చి, లైసెన్సు రెన్యువల్ సంగతి కనుక్కుందామని నా షాపు ఎక్కాడు. మోకాలు నొప్పితో మెల్లగా కూర్చుని, అద్దం కింద కాగితం మీదికి వంగాడు.

"ఈ ఇంటి డ్రైవర్ కాగితం ఎవరిదమ్మా?"

"ఇంటి డ్రైవర్ కాదు, ఖాస్ డ్రైవర్" అన్నాను.

"గదేనమ్మా. నేను పన్నెండేండ్లు గాడ ట్రైలర్ తోలిన. సదవరాదు గని, బార్డర్ల కాడ సూసి సూసి గీ రెండు మాటలు ఎట్లుంటయో కండ్లకు అలవాటైంది. ఖాస్ అంటే గాడ ప్రైవేటు. సేటు ఇంట్ల కారు తోలెటోడు. పిల్లల్ని బడికాడ దించాలె, ఆడోళ్ళను బజారుకు తీస్కపోవాలె. లారీ తోలెటోనికి లారీ అనే రాస్తరు."

ఆయన మీద నాకు మండింది. చదవరాని మనిషి నాకు చెబుతాడా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది కానీ అప్పుడు అలాగే అనుకున్నాను. "మా అన్నది మూడు దేశాల లైను" అన్నాను కటువుగా. ఆయన కోపగించుకోలేదు. "గీ కాగితం మీద పెద్ద బండి లైసెన్సే ఇయ్యరు బిడ్డా. ఇగ బార్డర్ యాడికెల్లి దాటుతడు?" అన్నాడు. ఎందుకైనా మంచిదని తన ఫోన్ నంబరు చీటీ మీద రాయించి పోయాడు.

ఆయన వెళ్ళాక షాపు షట్టరు సగం దించి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వీసా నియమాలు, పని అనుమతి నియమాలు, దొరికినవన్నీ చదివాను. ఊరందరి కాగితాలూ చదివిపెట్టేదాన్ని, మా అన్న కాగితానికి మొదటిరోజే చేయవలసిన పని అది. అక్కడికి పోయాక చేతికిచ్చే పని అనుమతి కార్డును ఇకామా అంటారు. ఎవరి దగ్గర పని, ఏ పని, ఆ రెండూ దాని మీద ఉంటాయి. ఆ యజమాని దగ్గరే, ఆ పనే చేయాలి. ఇంటి డ్రైవరు వేరేవాళ్ళ లారీ తోలుతూ పట్టుబడితే జరిమానా పడొచ్చు, జైలు కావచ్చు, వెనక్కి పంపేసి మళ్ళీ రానివ్వకపోవచ్చు. లోడు బండితో పక్క దేశంలోకి పోయే డ్రైవరుకు వీసా ఇచ్చేముందు కార్డు మీద ఉన్న వృత్తి చూస్తారు. లారీ డ్రైవర్ అని ఉంటేనే దారి. పెద్దాయన చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

అద్దం ఎత్తి ఆ జిరాక్స్ తీసేశాను. రెండు రోజులు అన్నకు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. అన్న బాధపడతాడని కాదు. నా పేరు పోతుందని. ఇంకా ఏడు రోజుల్లో మా అన్న విమానమెక్కి పోయి ఎవరింట్లోనో కారు కడుగుతూ ఉంటాడు, లేదంటే ఎవరిదో ట్రైలరెక్కి బార్డర్‌లో దొరికిపోతాడు. అది తెలిసి కూడా నేను రెండు రోజులు పరీక్ష ఫీజులు కట్టుకుంటూ కూర్చున్నాను. నా జీవితంలో నా మీద నాకు అసహ్యం పుట్టిన రోజులు అవి రెండే.

మూడో రోజు పొద్దున్నే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లు ముందు లారీలు వరసగా కాంటా కోసం ఆగి ఉన్నాయి. ఉడికిన వడ్ల వాసన, తవుడు దుమ్ము. అన్నకు అదే చివరి లోడు. తోటి డ్రైవర్లు ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. దండతోనే చెక్కతో టైర్లు కొట్టి చూసుకుంటూ తిరుగుతున్నాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"మా చెల్లె. నా కాగితం సదివింది గీమెనే" అని అందరికీ చెప్పాడు.

లారీ అవతలి పక్కకు తీసుకుపోయి చెప్పాను. ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఖాస్ అంటే ప్రైవేటని, ఇంటి డ్రైవరని, చాచా నన్ను ఇంకొకరికి చూపించమన్నాడని, నేను చూపించలేదని, తెలిసి కూడా రెండు రోజులు దాచానని. ఆయన టైరు మీద చెయ్యి వేసి విన్నాడు.

"ఇంటి డ్రైవరా?" అన్నాడు చివరికి.

"అవునన్నా."

"ఇరవై ఏండ్ల సంది మీ వదిన నన్ను ఇంటి మనిషే కాదంటది. గాళ్ళు ఇంటి డ్రైవర్ అని రాసిన్రా" అన్నాడు. నవ్వాలని చూశాడు కానీ నవ్వు రాలేదు. దండ తీసి క్యాబిన్‌లో పెట్టాడు. నేను ఏడుస్తుంటే, "గీడ ఏడ్వకు, హమాలీలు సూస్తున్నరు" అన్నాడు.

లోడు దించి వచ్చాక ఇద్దరం సూర్యాపేట వెళ్ళాం. ఏజెంటు ఆఫీసు మేడ మీద గది. మనిషి చాలా మర్యాదస్థుడు. చాయ్ తెప్పించాడు. గొంతు పెంచలేదు.

"హౌస్ డ్రైవర్ అని పేరుకే ఉంటదన్నా. గాడికి పోయినంక ట్రైలర్ ఎక్కుతవ్. అందరు గట్లనే పోతున్నరు. ఎవలన్న వాపస్ వచ్చిన్రా?"

"అయితే ఆ మాట కాగితం మీద రాసివ్వండి" అన్నాను.

"కాగితం మీద రాసెటట్లుంటే వీసా మీదనే రాయిస్తుంటిమి గద మేడం" అన్నాడు నవ్వుతూ.

నా పుట్టింటి నోరు అప్పుడు లేచింది. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. అన్న నన్ను బయటికి తీసుకొచ్చాడు. మెట్లు దిగి చాయ్ బండి దగ్గర నిలబడ్డాక, "నువ్వు గట్ల గరం గాకు. ఆయన చెప్పేదాంట్ల గూడ నిజం ఉన్నదేమో. అందరు పోతున్నరు గద. బార్డర్ల జర బతిమాలుకుంటే ఇడువరా?" అన్నాడు.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. తప్పు కాగితమని తెలిసీ పోవాలనుకుంటున్నాడు. తప్పు చదివి చెప్పినదాని మాట ఇక ఎందుకు వింటాడు? నియమాలన్నీ ఫోన్‌లో తీసి చూపించాను. వాటి మీద ఆయన చూపు ఆనలేదు. ఇంక చేసేది లేక మిర్యాలగూడ పెద్దాయనకు ఫోన్ కలిపి అన్న చేతికిచ్చాను. స్పీకర్ పెట్టాడు. పెద్దాయన నియమాలేమీ చెప్పలేదు.

"తమ్మీ, ఒకపారి నా ముంగట బండి తోలెటోడు గీ ఖాస్ కార్డుతోనే వచ్చిండు. కూరగాయల లోడు. బార్డర్ గేటుకాడ కార్డు సూసి ఆన్ని దింపి కారుల ఎక్కించుకపోయిన్రు. బండి గాడనే ఉన్నది. నేను అవుతలి దేశంల లోడు దించి నాలుగు రోజులకు మల్ల గదే గేటుకు వచ్చిన. బండి గప్పుడు గూడ గాడనే ఉన్నది. లోడు మురిగి నీళ్ళు కారుతున్నయ్. ఆన్ని మాత్రం మల్ల సూడలే."

అన్న ఫోన్ నాకిచ్చేశాడు. చాయ్ చల్లారిపోయింది. హైవే వైపు తిరిగాడు.

"లోడు బండిని రోడ్డు మీద ఇడిసిపెట్టి పోవుడా" అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే. ఇరవై ఏళ్ళలో ఆయన ఎన్నోసార్లు రోడ్డు మీద ఆగిపోయాడు. ఇంజన్ పోయి ఒకసారి మూడు రోజులు బండి కిందే పడుకున్నాడు. జ్వరంతోనూ బండి వదల్లేదు. జైలంటే భయపడని మనిషి ఆ ఒక్క మాటకు వెనక్కి తగ్గాడు. మళ్ళీ మెట్లెక్కి, "నా పాస్‌పోర్టు నాకియ్యి" అన్నాడు.

పాస్‌పోర్టు చేతికి రావడానికి మూడుసార్లు తిరిగాం. ఏజెంటుకు కట్టిన పైకంలో సగమే వచ్చింది. పాత లారీకి అప్పటికే వేరే డ్రైవర్ ఎక్కాడు. అన్నకు ఇంకో ఓనరు దగ్గర పాత బండి దొరికింది, దానికి బ్రేకులు సరిగా లేవు. ఆయన ఒక్క రోజు కూడా నన్ను తప్పుపట్టలేదు. బైపాస్ మీద నుంచి "చెల్లె, పోతున్న" అని ఫోన్ మామూలుగానే వచ్చేది. నా షాపూ మామూలుగానే నడిచింది. తప్పు చదివానని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదృష్టం బాగుందనుకున్నాను. ఎందుకు అనడం లేదని ఆలోచించలేదు.

నాలుగు నెలలకు మునగాల నుంచి ఒక డ్రైవర్ వచ్చాడు. అతనికీ ఎక్కడి నుంచో అరబ్బీ కాగితం వచ్చింది. ఇద్దరు స్నేహితులను వెంట తెచ్చుకున్నాడు. కాగితం నా ముందు పెడుతూ నవ్వాడు.

"నేనైతే భయపడనక్కా. మీ అన్నలెక్క విమానం పేరు చెప్తే సెమటలు పట్టెటోన్ని కాదు."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ అన్ననే. మునగాల దాబాల అందరి ముంగట్నే చెప్పిండు. కాగితం మంచిదే, మా చెల్లె మంచిగనే సదివింది, నాకే గుండె జారింది, పొయ్యెటోన్ని వాపస్ వచ్చిన అన్నడు. డ్రైవర్లందరికి ఎరుకే గద. పిరికి డ్రైవర్ అని నవ్వుతున్నరు."

నా చేతిలో అతని కాగితం ఉంది. హైవే మీద బతికే మనిషికి పిరికి అనే పేరు వస్తే అది ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. చెన్నై దాకా పోతుంది. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నాడు, నా షాపు నడవడానికి. నాలుగు నెలలు నేను ఆ పేరు నీడన కూర్చుని ఫారాలు నింపాను.

"మా అన్న భయపడలేదు" అన్నాను. "ఆ కాగితం నేను తప్పు చదివాను. అది ఇంటి డ్రైవర్ వీసా. నాకు అరబ్బీ రాదు. నీ కాగితం కూడా నేను చదవలేను. మిర్యాలగూడలో ఒకాయన ఉన్నాడు, ఆయనకు చూపిద్దాం. ఆ తర్వాత నియమాలు నేను చదివిపెడతాను."

షాపులో ఇంకో నలుగురున్నారు. అందరూ విన్నారు. మునగాల డ్రైవర్ తన స్నేహితుల మొహాలు చూశాడు. మెల్లగా కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మల్లొస్త అక్కా" అని లేచాడు. మళ్ళీ రాలేదు. పోతూ పెద్దాయన నంబరు మాత్రం అడిగి తీసుకున్నాడు, అంతవరకు నయం. ఆ నెలలో నా షాపుకు డ్రైవర్లు తగ్గారు.

ఆ మాట అన్న దాకా పోవడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. పొద్దు గుంకకముందే అన్న ఫోన్ చేశాడు. ఎక్కడో బండి పక్కకు తీసి ఆపినట్టున్నాడు, వెనక హారన్లు వినిపిస్తున్నాయి. గొంతులో కోపం ఉంది. నా మీద ఆయన కోపగించుకోవడం అదే మొదటిసారి.

"నిన్నెవరు చెప్పమన్నరు?"

"నిజమే కదన్నా."

"నిజం నాకెరుక లేదా?" అన్నాడు. బండి ఇంజన్ ఆపేశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గిపోయింది. "నీ పెండ్లికి లోడు మీదుంటి. నీ ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు లోడు మీదుంటి. అన్నగ నీకు ఇన్నేండ్లల్ల ఏమిచ్చిన చెల్లె? గా ఒక్క అబద్ధం ఇచ్చిన. గది గూడ వాపస్ ఇస్తివి."